పొత్తికడుపు బాధలకు ఏ తిండి మేలు: జొన్నా, అవిసెలా, శొంఠా, డబ్బాలో పొడా?

మొన్న మా చిన్నమ్మ కూతురు జడ్చర్ల నుంచి వాట్సాప్‌లో మూడు ఫొటోలు పంపింది. ఒకటి అవిసె గింజల ప్యాకెట్, రెండోది పసుపు క్యాప్సూల్స్ డబ్బా, మూడోది 'గర్భాశయ శుద్ధి' అని రాసి ఉన్న ఆకుపచ్చ పొడి. కింద ఒకటే ముక్క: "అక్కా, ఇండ్ల ఏది కొనాలె?"

"ముందు నీకు బాధ ఏందో చెప్పు" అన్నాను. "ముట్టు నొప్పా, తెల్లబట్టా, డేట్ తప్పుతున్నదా, మోషన్ సరిగా కాక ముక్కుతున్నవా?" పది నిమిషాలు జవాబు లేదు. తర్వాత వాళ్లాయన బయటికి పోయినట్టున్నాడు, ఫోన్ చేసింది. నేను అడిగిన నాలుగింటిలో మూడు ఉన్నాయట.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే ఆహారం' అని ఇప్పుడు ప్రతి డబ్బా మీదా రాస్తున్నారు. దెబ్బ తగిలిన చోట వాచి, ఎర్రబడి, సలుపు పెడుతుంది కదా, అలాంటిదే లోపల జరిగితే దాన్ని ఇన్‌ఫ్లమేషన్ అంటారు. పొత్తికడుపులో అది ఎందుకు వచ్చిందో తెలియకుండా ఏ పొడి కొన్నా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

నేను డాక్టర్ని కాదు. పుట్టింది జడ్చర్ల పక్కన జొన్నరొట్టె తినే ఇంట్లో, మెట్టింది మిర్యాలగూడలో మూడు పూటలా అన్నం తినే ఇంట్లో. పన్నెండేళ్లు ముట్టు నొప్పితో మూలిగాను. దొరికినవన్నీ కొన్నాను, చదివాను, కొన్నింటికి డబ్బు తగలేశాను. ఆ లెక్కే ఇది.

## ముందు బాధ పేరు తేల్చుకోండి

ముట్టు నొప్పి. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుడతాయి. అవి గర్భసంచిని గట్టిగా పిండుతాయి. ఎక్కువ పుడితే నొప్పి ఎక్కువ, వాంతులు, విరేచనాలు కూడా. తిండి కాస్త పనిచేసే చోటు ఇది.

ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరగడం. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ముట్టుకు ముందే మొదలయ్యే నొప్పి, భర్తతో కలిసినప్పుడు నొప్పి, ఆ రోజుల్లో మలవిసర్జనకు వెళ్తే నొప్పి దీని గుర్తులు. తిండి తోడుగా ఉండగలదేమో కానీ దీన్ని నయం చేయలేదు.

పీసీఓఎస్. అండాశయాల బాధ ఇది, మనవాళ్లు 'నీటి బుడగలు' అంటారు. డేట్లు తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు. చాలామందిలో దీని వెనక ఇన్సులిన్ (రక్తంలో షుగర్‌ను అదుపు చేసే హార్మోన్) గోల ఉంటుంది. కాబట్టి ఇక్కడ చూడాల్సింది ఏ గింజ తింటున్నాం, ఎంత తింటున్నాం, ఒంటి బరువు ఎంత అని.

తెల్లబట్ట, మూత్రంలో మంట. తెల్లబట్ట కొద్దిగా, వాసన లేకుండా అయితే మామూలే. వాసన, దురద, రంగు మారడం ఉంటే చాలావరకు ఇన్ఫెక్షనే. మన దగ్గర దీన్ని 'వేడి చేసింది' అని సబ్జా గింజలు, మజ్జిగ మీదికి నెట్టేస్తారు. మజ్జిగ తాగితే దాహం తీరుతుంది, ఇన్ఫెక్షన్ తగ్గదు. పరీక్ష చేయించి మందు వాడాలి. కొన్ని రకాలకు భర్త కూడా వాడాల్సిందే. అది మానేసి పొడులు తింటూ కూర్చుంటే ఇన్ఫెక్షన్ పైకి పాకి గర్భసంచి పక్కనున్న గొట్టాల దాకా పోవచ్చు.

మలబద్ధకం, గర్భసంచి జారడం. రోజూ ముక్కితే పొత్తికడుపు అడుగున ఉండే కండరాల మీద బరువు పడుతుంది. కాన్పులు, బరువులు మోయడం తోడైతే అవి ఇంకా సడలిపోతాయి. ఈ బాధలో పీచుకు నిజంగా విలువ ఉంది.

ఎక్కువ బ్లీడింగ్, రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత తేలింది. అంటే ఈ వ్యాసం చదివేవాళ్లలో సగం మందికి ఉన్నట్టే. 'ఇన్‌ఫ్లమేషన్ తగ్గాలంటే మాంసం మానేయండి' లాంటి సలహా వినే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

## దేన్ని చూసి పోల్చాను

మొదటిది, మనుషుల మీద పరీక్షించి చూశారా, లేక ఎలుకల మీద చూసి మనకు అమ్ముతున్నారా. రెండోది, ఏ బాధకు పనికొస్తుంది. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం: ఇంటిల్లిపాదీ తినే గిన్నెలోనే వండొచ్చా? ఆడదాని కోసం వేరే వంట నాలుగో రోజు ఆగిపోతుంది. ఏ ఇంట్లో అయినా ఇంతే. నాలుగోది, సంతలో దొరుకుతుందా, ఖర్చు ఎంత. ఐదోది, ఎవరికి పడదు.

ఒక మాట ముందే చెప్పాలి. యూరప్ సంతాన వైద్య నిపుణుల సంఘం 2022లో ఇచ్చిన ఎండోమెట్రియోసిస్ మార్గదర్శకాల్లో ఫలానా డైట్ తినండని సిఫారసు చేయలేదు, చేసేంత ఆధారం లేదంది. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు కూడా ఒక డైట్ ఇంకో డైట్ కన్నా గొప్పదని చెప్పడానికి లేదన్నాయి. కాబట్టి 'ఈ డైట్‌తో గ్యారంటీ' అని ఎవరన్నా అంటే వాళ్లు ఏదో అమ్ముతున్నారన్నమాట.

## గింజ మార్చడం: జొన్న, తైద, సజ్జ

మా అత్తగారి ఊరు సాగర్ ఎడమ కాలువ కింద ఉంది. కాలువ నీళ్లు వచ్చాక ఇటువైపు వరి తప్ప వేరే మాట లేదు. పైగా 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలుపెట్టి రేషన్ షాపుల్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఉచితంగా వచ్చే బియ్యం ఇంట్లో పెట్టుకుని డబ్బు పెట్టి జొన్నలు కొనమంటే మా అత్తమ్మ నన్ను ఎట్లా చూసిందో చెప్పను. పాలమూరు వైపు ఇంకా పచ్చజొన్న రొట్టె, గట్క పోలేదు కాబట్టి అక్కడివాళ్లకు ఈ మార్పు తేలిక.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాములకు ఇలా ఉంది, దగ్గర అంకెల్లో రాస్తున్నాను:

| గింజ | పీచు (గ్రా.) | ఐరన్ (మి.గ్రా.) | కాల్షియం (మి.గ్రా.) |
|---|---|---|---|
| పాలిష్ బియ్యం | 3 లోపు | 1 లోపు | చాలా తక్కువ |
| జొన్నలు | 10 | 4 | 30 లోపు |
| తైదలు (రాగులు) | 11 | 4.5 | 364 |
| సజ్జలు | 11.5 | 6.4 | 30 లోపు |

మలబద్ధకానికి ఈ మూడింట్లో ఏదైనా బియ్యం కన్నా మేలు, పీచు మూడు రెట్లకు పైనే. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు మాత్రం ఒక మెలిక ఉంది. తైద పిండిని మెత్తగా జల్లించి, జావ చేసి, బెల్లం వేసి తాగితే షుగర్ గబగబా పెరుగుతుంది. అదే తైదలు సంకటి ముద్దగానో, జొన్నలు రవ్వలా విసిరి గట్కగానో తింటే నెమ్మదిగా అరుగుతాయి. పిండి ఎంత మెత్తనైతే, ఎంత పలచనైతే అంత త్వరగా రక్తంలోకి పోతుంది. పొద్దున గ్లాసుడు బెల్లం జావ తాగి 'మిల్లెట్స్ తింటున్నా' అనుకునేవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

రొట్టె చేయడం రాని కోడళ్లకు ఒక చిట్కా. జొన్నపిండి చల్లటి నీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. మరిగే నీళ్లు పోసి, చెయ్యి పట్టేంత చల్లారాక, అరచేతి మడమతో పది నిమిషాలు తొక్కినట్టు పిసకాలి. పెనం మీద వేశాక పైన తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే పొంగుతుంది. మొదటి పది రొట్టెలు పటంలో ఉన్న దేశాల ఆకారాల్లో వస్తాయి. నాకూ అట్లాగే వచ్చాయి.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు. రాత్రి పూట ఒక్కటి మార్చండి. ఒక్కసారిగా పీచు పెంచితే మొదటి వారం కడుపు ఉబ్బుతుంది, నీళ్లు పెంచకపోతే మలబద్ధకం ఇంకా ముదురుతుంది.

## గింజలు: అవిసెలు, నువ్వులు, పల్లీలు

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తారు, కానీ పని వేరు. ఒమేగా-3 (ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తుందని చెప్పే ఒక రకం కొవ్వు) కోసమైతే అవిసెలు. నువ్వుల్లో, పల్లీల్లో అది దాదాపు లేదు. నువ్వులు కాల్షియం కోసం, పల్లీలు ప్రోటీన్ కోసం. బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది ఇష్టంగా తినండి, కానీ అది అవిసెల పని చేస్తుందనుకోవద్దు. ఇంకో తికమక కూడా ఉంది. అవిసె చెట్టు ఆకు, పువ్వు వేరు, ఈ నున్నటి గోధుమరంగు గింజలు వేరు. ఆ చెట్టుకూ వీటికీ సంబంధం లేదు.

అవిసెల్లోని ఒమేగా-3ని ఒంట్లో చేపల్లో ఉండే రకంగా మార్చుకోవాలి. ఆ మార్పు చాలా కొద్దిగా జరుగుతుంది, పదో వంతు కూడా కాదు. కాబట్టి నొప్పి ఎగిరిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. అయినా పీచు కోసం, మోషన్ సాఫీగా కావడం కోసం ఇవి మంచివే. శాకాహారులకు ఒమేగా-3 దొరికే దారులు ఎలాగూ తక్కువ.

మా అమ్మ మూకుడులో సన్నని సెగ మీద వేయిస్తుంది. ఆవాల్లా చిటపటమని రెండు మూడు గింజలు బయటికి ఎగిరాయంటే దించేయాలి. ఇంకో నిమిషం ఉంచితే చేదెక్కుతాయి. ఎండుమిర్చి, ఎల్లిపాయ, ఉప్పు, కాస్త చింతపండు వేసి కారం దంచితే వేడి అన్నంలోకైనా రొట్టెలోకైనా సరిపోతుంది. గింజను అలాగే మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేయాల్సిందే. పొడి త్వరగా కనరెక్కుతుంది కాబట్టి వారానికి సరిపడా మాత్రమే దంచుకోండి. రోజుకు ఒక పెద్ద చెంచా చాలు.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఆ మాత్రకు, అవిసెలకు మధ్య కొన్ని గంటల ఎడం ఉంచండి. పీచు మాత్రను సరిగా ఒంటపట్టనివ్వదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు, రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే తినాలి.

## ఆకుకూరలు

వానాకాలం చేలల్లో, గట్ల మీద నేలబారుగా ఎర్రటి కాడలతో పాకే గంగవాయల కూర తెలుసు కదా. ఆకుకూరల్లో ఒమేగా-3 ఎక్కువ ఉన్నవాటిలో అదొకటి. పప్పులో వేస్తే పుల్లపుల్లగా బాగుంటుంది. పైసా ఖర్చు లేదు. కానీ ఇప్పుడు పత్తి చేలలో గడ్డిమందు కొట్టని గట్టు దొరకడం కష్టం. ఎవరి చేనో, మందు ఎప్పుడు కొట్టారో తెలియకుండా కోయకండి. మన పెరట్లో మొలిచిందైతే బంగారం. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు గంగవాయల, పాలకూర, తోటకూర తగ్గించుకోవాలి, వాటిలో ఆక్సలేట్ అనే రాళ్లు కట్టే పదార్థం ఎక్కువ.

ఐరన్ కోసం ఆకుకూర తింటుంటే పైన నిమ్మకాయ పిండండి, లేదా భోజనం కాగానే బత్తాయి తినండి. విటమిన్ సి తోడుంటే ఆకులో ఉన్న ఐరన్ బాగా ఒంటపడుతుంది. నల్లగొండలో ఉండి బత్తాయికి కరువేమిటి! జ్యూస్ కన్నా తొనలే మేలు. అన్నం తిన్న వెంటనే టీ మాత్రం వద్దు, ఐరన్‌ను అదే అడ్డుకుంటుంది. గంట ఆగండి.

## శొంఠి, అల్లం, పసుపు

ఈ లిస్టులో ముట్టు నొప్పికి మనుషుల మీద పరీక్షించి, మంచి ఫలితం చూసినవాటిలో ముందు చెప్పాల్సింది శొంఠి. పరీక్షలు చిన్నవే, కానీ ఒకటి కాదు, చాలా జరిగాయి. ముట్టు మొదలైన రోజు నుంచి మూడు నాలుగు రోజులు, రోజుకు 750 మిల్లీగ్రాముల నుంచి 2 గ్రాముల దాకా శొంఠి పొడి తీసుకున్నవాళ్లకు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ల కన్నా నొప్పి తగ్గింది. కొన్ని పరీక్షల్లో మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ అనే నొప్పి మాత్రలతో సమానంగా పనిచేసింది. ఇంటి లెక్కలో అర చెంచా శొంఠి పొడి సుమారు ఒక గ్రాము. పొద్దున అర, సాయంత్రం అర, గోరువెచ్చని నీళ్లలో. నెలంతా తాగక్కర్లేదు.

టీలో అల్లం దంచి వేసుకుంటే సరిపోదా అని అడుగుతారు. రక్తహీనత ఉన్నవాళ్లకు టీ ఎందుకు మంచిది కాదో పైన చెప్పాను. ఫ్లోరైడ్ నీళ్ల బాధ చూసిన మర్రిగూడ, మునుగోడు వైపువాళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. టీ ఆకులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. అల్లం వేడినీళ్లలో మరిగించుకోండి, చిటికెడు బెల్లం వేసుకోండి, పోనివ్వండి.

కడుపులో పుండు ఉన్నవాళ్లకు, ఛాతీలో మంట వచ్చేవాళ్లకు శొంఠి పడదు. వాళ్లు వేడినీళ్ల సంచి పొత్తికడుపు మీద పెట్టుకోవడం మేలు. దానికి ఖర్చు లేదు, సైడ్ ఎఫెక్ట్ లేదు, మంచి ఆధారం ఉంది. చర్మం కాలకుండా మధ్యలో గుడ్డ వేసుకోండి.

ఇక పసుపు. దీనికి ఉన్నంత పేరు దేనికీ లేదు. కానీ లెక్క చూడండి. పసుపులో మందులా పనిచేస్తుందని చెప్పే పదార్థం కర్క్యుమిన్, అది ఉండేది సుమారు 3 శాతం. చెంచాడు పసుపు తిన్నా అందులో ఉండేది 100 మిల్లీగ్రాముల లోపే, అది కూడా సరిగా ఒంటపట్టదు. పరీక్షల్లో వాడింది రోజుకు 500 మిల్లీగ్రాములు, ఆ పైన. అంటే పరీక్షల్లో చూసిన ఫలితం మన పసుపు పాలకు రాదు. కూరలో పసుపు వేయడం మానమని కాదు, దాన్ని మందనుకోవద్దని. మిరియాలతో కలిపిన పెద్ద డోసు క్యాప్సూల్స్ వల్ల కొందరికి కాలేయం దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న విషపు రంగు) కలిపే కల్తీ కూడా ఉంది కాబట్టి కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోవడం క్షేమం.

## చేపలు

సముద్రపు చేపల్లో కవళ్లు, కానగంతల్లో ఒమేగా-3 బాగా ఉంటుంది. మనకు దొరికేవి చెరువు చేపలు, బొచ్చె, రవ్వ, కొర్రమట్ట. వీటిలో తక్కువ. అయినా మంచి ప్రోటీన్. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. అంతకు మించి దీని గురించి చెప్పడానికి లేదు.

## పెంచేవి కాదు, తగ్గించేవి

అమెరికాలో నర్సుల మీద ఏళ్ల తరబడి జరిగిన పెద్ద అధ్యయనంలో ట్రాన్స్ ఫ్యాట్ (డాల్డా లాంటి వాటిలో ఉండే చెడ్డ కొవ్వు) ఎక్కువ తిన్నవాళ్లలో ఎండోమెట్రియోసిస్ 48 శాతం ఎక్కువగా, చేపల రకం ఒమేగా-3 ఎక్కువ తిన్నవాళ్లలో 22 శాతం తక్కువగా కనిపించింది. తిండి వల్లే అని ఇది తేల్చదు, రెండూ కలిసి కనిపించాయంటే అంతే. అయినా డాల్డా మానడం వల్ల పోయేదేమీ లేదు. మన దేశంలో 2022 నుంచి నూనెల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని నిబంధన ఉంది. కానీ మిర్చి బజ్జీ బండి మీద పొద్దున పోసిన నూనెనే రాత్రి దాకా కాస్తుంటే ఆ నూనె ఏమవుతుందో ఎవరూ కొలవరు. వారానికి నాలుగు సాయంత్రాలు బజ్జీలు తింటూ పొద్దున అవిసె పొడి తినడం కంటే, బజ్జీలు ఒక రోజుకు తగ్గించడం చవక.

మాంసం సంగతి. అదే నర్సుల అధ్యయనంలో రెడ్ మీట్ (మేక, గొర్రె, పశువుల మాంసం) రోజుకు రెండుసార్లకు మించి తినేవాళ్లను, వారానికి ఒకసారో అంతకన్నా తక్కువో తినేవాళ్లతో పోల్చారు. మన ఆదివారం మటన్ ఆ రెండో గుంపులోకే వస్తుంది. రక్తం తక్కువున్న ఆడమనిషి మటన్, కార్జం మానేస్తే నష్టమే ఎక్కువ. దావత్‌లో ముక్కలన్నీ మగవాళ్ల విస్తట్లోకి పోయి చివర్లో తినే ఆడవాళ్లకు షేర్వా మిగిలే ఇళ్లలో 'మాంసం తగ్గించండి' అనే సలహా ఎవరికి చెప్పాలో మీరే ఆలోచించండి.

పాలు, గోధుమ మానేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఉబ్బరం బాగా ఉంటే ఒక్కోదాన్ని మూడు నాలుగు వారాలు ఆపి చూడండి, తేడా లేకపోతే మళ్లీ మొదలుపెట్టండి. పెరుగు మానడానికి నాకు కారణం కనపడలేదు.

## డబ్బాల్లో పొడులు

నేను ఐదేళ్ల కింద రూ.1,400 పెట్టి ఒక 'శుద్ధి' పొడి కొన్నాను. రెండు వారాలు పొద్దున్నే కడుపు ఖాళీ అయ్యేది. 'మలినాలు పోతున్నాయి' అని అమ్మినావిడ ఫోన్లో సంబరపడింది. డబ్బా తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో సునాముఖి అని ఉంది. అది విరేచనాల ఆకు. పోయింది మలినాలు కాదు, నా ఒంట్లో నీళ్లు. గర్భసంచిని కడిగే పొడి ఏదీ లేదు, ప్రతి నెలా అది తనను తాను శుభ్రం చేసుకుంటుంది.

లైసెన్స్ నంబర్ ఉంది కదా అంటారు. అది ఆహారం తయారు చేయడానికి అనుమతి, రోగం తగ్గుతుందనే సాక్ష్యం కాదు. ఫుడ్ సప్లిమెంట్ల మీద రోగం నయమవుతుందని రాయడానికి చట్టమే ఒప్పుకోదు.

## ఒక చూపులో

| ఎంపిక | దేనికి పనికొస్తుంది | ఆధారం | ఇంటి గిన్నెలో కుదురుతుందా | ఎవరికి జాగ్రత్త |
|---|---|---|---|---|
| జొన్న, తైద, సజ్జ | మలబద్ధకం, పీసీఓఎస్ | పీచుకు బలంగా ఉంది | పాలమూరులో తేలిక, కాలువ కింద కష్టం | నీళ్లు తక్కువ తాగేవాళ్లు |
| అవిసెల పొడి | మోషన్. నొప్పికి కొద్దిగా కావచ్చు | మధ్యస్థం | కారం రూపంలో బాగా | థైరాయిడ్, రక్తం పలచబడే మందులు, గర్భం |
| ఆకుకూర + నిమ్మ | రక్తహీనతకు తోడు | బాగుంది | సులువు | కిడ్నీ రాళ్లు |
| శొంఠి | ముట్టు నొప్పి | చిన్న పరీక్షలు, చాలా | నెలకు నాలుగు రోజులే | అల్సర్, ఛాతీ మంట |
| వంటలో పసుపు | రుచి, రంగు | మందుగా లేదు | ఎప్పుడూ ఉన్నదే | కల్తీ |
| పసుపు క్యాప్సూల్స్ | తేలలేదు | తక్కువ | ఖర్చు | కాలేయం, ఇతర మందులు |
| శుద్ధి పొడులు | ఏదీ లేదు | లేదు | ఖర్చు | అందరూ |

## మీరు ఎవరైతే ఏది

కాలేజీ పిల్ల, ముట్టు మొదటి రెండు రోజులు క్లాసుకు పోలేకపోతుందా? శొంఠి, వేడినీళ్ల సంచి. అవి చాలకపోతే డాక్టర్ చెప్పిన నొప్పి మాత్ర. తిన్న తర్వాత, నొప్పి మొదలవుతుండగానే వేసుకుంటే బాగా పనిచేస్తుంది. 'మాత్రలకు అలవాటు పడతావు' అని బెదిరించే పెద్దలకు చెప్పండి, నెలకు రెండు రోజులు వేసుకుంటే అలవాటు కాదు. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉంటే మాత్రం అడగకుండా వద్దు.

బరువు పెరిగి డేట్లు తప్పుతున్నవాళ్లకు రాత్రి అన్నం బదులు గట్క లేదా రొట్టె, కూర రెట్టింపు, తిన్నాక అరగంట నడక. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు అందులో 5 నుంచి 10 శాతం తగ్గితేనే చాలామందికి డేట్లు దారిలో పడతాయి.

పొలం పనికి, పత్తి ఏరడానికి పోయేవాళ్ల సంగతి వేరు. ఇక్కడ తిండి కన్నా నీళ్లే అసలు సమస్య. చేనులో చాటు ఉండదని పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, వచ్చిన మూత్రం ఆపుకుంటారు. మలబద్ధకం, మూత్రంలో మంట రెండూ దీనివల్లే పట్టుకుంటాయి. ఏ సూపర్ ఫుడ్డూ దీన్ని సరిచేయదు. నలుగురు కలిసి గట్టు చివర చీర కట్టుకుని చాటు చేసుకోవడం మా అమ్మ వాళ్లు చేసేవాళ్లు. పని మొదలుపెట్టే ముందు, సద్ది తిన్నాక, ఇంటికి బయల్దేరే ముందు మూడుసార్లు తప్పకుండా పోవాలని వాళ్లలో వాళ్లకే ఒక ఒప్పందం ఉండేది.

నలభై దాటి గర్భసంచి జారినట్టు ఉంటే పీచు, నీళ్లు, బరువులు తగ్గించడం, దాంతోపాటు పొత్తికడుపు అడుగున ఉండే కండరాలను బిగించి వదిలే వ్యాయామం. అది ఎలా చేయాలో నర్సును అడిగి ఒకసారి నేర్చుకోండి.

## తిండి పక్కన పెట్టి పోవాల్సిన రోజు

జ్వరంతో పొత్తికడుపు నొప్పి, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, కలిసిన తర్వాత రక్తం కనపడటం, ముట్లుడిగాక మళ్లీ బ్లీడింగ్, డేట్ తప్పి ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం. వీటిలో ఏది ఉన్నా శొంఠి నీళ్లు కాచుకుంటూ కూర్చోవద్దు, అదే రోజు పోండి.

2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్కుల్లో మంగళవారాలు ఆడవాళ్లకే. ముట్టు సమస్యలు, మూత్రంలో మంట, పొత్తికడుపు ఇన్ఫెక్షన్లు అందులో చూస్తారు. మీ దగ్గర ఏ ఆస్పత్రిలో ఉందో, ఇప్పుడూ నడుస్తున్నదో లేదో ఆశ కార్యకర్తను అడగండి.

అక్కడికి పోయాక కూడా ఒకటి గుర్తుంచుకోండి. అదే జాతీయ సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ముగ్గురైతే తెలంగాణలో ఎనిమిది మంది. నాకూ 34 ఏళ్లకే ఒక ప్రైవేటు క్లినిక్‌లో 'పిల్లలు అయిపోయారు కదా, తీసేద్దాం' అన్నారు. రెండో డాక్టర్ దగ్గరికి పోతే మాత్రలతో సరిపోయింది. అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. కానీ చిన్న వయసులో అండాశయాలు కూడా తీస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి. సంతకం పెట్టే ముందు ఇంకొకరికి చూపించుకోండి.

మా చెల్లె చివరికి మూడు ఫొటోల్లో ఒక్కటే కొన్నది, అవిసెలు. దాంతోపాటు వంద గ్రాముల శొంఠి. తెల్లబట్టకు మంగళవారం చూపించుకుంది, ఇద్దరికీ మందులు రాశారు. ఏది పనిచేస్తుందో తెలియాలంటే కనీసం మూడు ముట్లు చూడాలి కదా, అందుకని వంటింటి క్యాలెండర్ మీద నొప్పి ఎక్కువున్న రోజు మూడు గీతలు, తక్కువైతే ఒక గీత పెట్టుకోమన్నాను. ఆ గీతలేందని వాళ్లాయన అడిగితే పాల లెక్క అని చెప్పిందట.